పుర్రచేతి కుట్టు

జహీరాబాద్,
జులై 6.

ఎస్తేరుకు,

వదిన కృప వందనాలు. ఈ మూటలో ఇరవై రెండు బ్యాగులున్నాయి, సరిచూసుకో. ఫోన్ చేతిలో ఉండగా ఈ కాగితాలెందుకు అంటావేమో. నేను ఫోన్ పట్టుకుంటే చాలు, అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. ఉన్నవి రెండు గదులు. ఈ గదిలో తుమ్మితే ఆ గదిలో దీవిస్తారు. బ్యాగులు పట్నంలో ఒక మేడంకు పోతున్నాయని చెప్పి పెట్టాను. ఆ మేడం నువ్వేనని తెలిసిందా, నా కుట్టు మిషన్ వాకిట్లో పడుతుంది. నువ్వు చర్చి కాదని సంగారెడ్డిలో అమర్నాథ్‌ను సంతకాల పెళ్లి చేసుకుని ఆరేళ్లయింది. ఇంతవరకు మీ అమ్మ నోట నీ పేరు రాలేదు. మీ అన్నకు అన్నీ తెలుసు గానీ తెలియనట్టే తిరుగుతాడు. అందుకని ఇకమీదట ఏ సంగతైనా మూటలోనే.

నా రాత చూసి నవ్వకు. మాట్లాడితే మన మాటే వస్తుంది గానీ, పెన్ను పట్టుకుంటే బడిలో నేర్పిన తెలుగే వస్తుంది. ఏం చేయను.

పాత చీరలు మూడు పొరలు వేసి, నువ్వు చెప్పినట్టు అంతా బొంత కుట్టే కుట్టాను. అడుగు మూలలు మాత్రం నా చేతికి కుదరలేదు. పెద్దతరం వాళ్లు బొంత మూల ఎట్లా మలిచేవాళ్లో నాకు రాదు కదా. న్యాల్‌కల్ నుంచి యాదమ్మ అని ఒక ముసలామెను పెట్టుకున్నాను. మూలలన్నీ ఆమె చేతివే. బాగున్నాయో లేదో రాయి.

నీ వదిన,
కృప


చందానగర్, హైదరాబాద్,
జులై 19.

వదినా,

నేను బాగున్నాను, నువ్వూ బాగుండే ఉంటావు. ఇక పని సంగతి.

ఇరవై రెండూ నాలుగు రోజుల్లో అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లలో సగం మంది మూలల గురించే రాశారు. ఆ యాదమ్మ చేతులకు నా తరఫున దండం పెట్టు.

అయినా నాకు కుదురు లేదు వదినా. కళ్లు తెరవగానే ఫోన్ చూస్తాను. నీలం అనుకుంటే నల్లగా వచ్చిందని ఎవరో రాస్తారు. అది నీలమే. ఒక స్టార్ తగ్గితే ఆ పూట అన్నం దిగదు. ‘బ్యాగులు అమ్ముతున్నావా, పదో తరగతి రిజల్ట్ కోసం చూస్తున్నావా’ అని అమర్నాథ్ ఆటపట్టిస్తాడు. ఆయనకేం, నెల తిరిగితే జీతం వస్తుంది. నేను కాల్ సెంటర్ మానేసి ఏడాదయింది. ఈ అమ్మకాల పేజీ మూతపడితే మళ్లీ ఆ కుర్చీలో కూర్చుని ఊరందరి తిట్లూ ‘సరే సార్’ అంటూ వినాలి. అది నావల్ల కాదు.

ఇంకో సంగతి. బెంగళూరులో ఒక కంపెనీ వాళ్లు దీపావళికి తమ దగ్గర పనిచేసే వాళ్లకు ఇవ్వడానికి తొంభై బ్యాగులు అడిగారు. అక్టోబరు మొదటి వారానికి అందాలి. నిన్ను అడగకుండానే సరేనన్నాను. తిట్టుకో.

ఈ మూటలో చీరలు, జిప్పులు పంపుతున్నాను. కార్గో బస్సు వాళ్లు లాగితే మూతి ఊడిపోతోందని దబ్బనంతో సుతిలి తాడు పెట్టి కుట్టాను. కుట్టు అటుపోయేది ఇటు పోయిందని నవ్వకు. పుర్రచెయ్యి కదా. అమ్మ గరిటెతో కొట్టినా మారని చెయ్యి. గొర్రు వెంట ఇత్తులు పోసేటప్పుడు నన్నసలు సాలు దరిదాపులకు రానిచ్చేది కాదు. ‘పుర్రచేత్తోటి పోస్తె మొలవదు, పో, నీళ్లబిందె తేపో’ అనేది. మా ఝరాసంగం చేనులో నేను మోసిన బిందెలకు లెక్కేలేదు.

అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? ఊరికే అడిగాను.

ఎస్తేరు


జహీరాబాద్,
ఆగస్టు 10.

ఎస్తేరూ,

తొంభై అని చదివి కాసేపు మిషన్ మీద తలపెట్టుకుని కూర్చున్నాను. ‘మా ఫ్యాక్టరీల ట్రాక్టర్లకు గూడ గింత ఉరుకులాట లేదు’ అంటున్నాడు మీ అన్న. అయినా సరే, చేస్తాను. నా చేత్తో నేను సంపాదించడం ఇదే మొదలు. ఇది పోతే మళ్లీ అల్లం చేలల్లో తవ్వడానికి పోవాలి.

మీ అమ్మ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. దవాఖానకు పోదామంటే ‘నా కాళ్లు నాకెరుక’ అంటుంది. ఆమె తిక్క ఆమెది. నీ మూట వస్తే నన్ను కత్తెర వేయనివ్వదు. ‘జర ఆగు’ అని తానే కూర్చుని మూతి కుట్టు ఒక్కొక్కటి విప్పుతుంది. చదువు రాదు కనుక నీ ఉత్తరాన్ని మేడం లెక్కల కాగితం అనుకుంటుంది. ఆ సుతిలి వేలికి చుట్టి పాత డబ్బాలో దాస్తుంది. ‘ఎందుకత్తమ్మా, సుతిలి దొరకదా’ అంటే ‘పారేస్తె వస్తదా’ అంటుంది. దారం ముక్క కూడా పోనియ్యదు కదా మీ అమ్మ.

నిన్న ఒకమాట అడిగింది, నాకు నవ్వొచ్చింది. ‘మీ మేడం ఊకె ఉరికిస్తది గదా, యాళ్లకు తింటదా లేదా’ అని. ‘మేడంలు తినకుంట ఉంటరా అత్తమ్మా’ అన్నాను.

పదహారు బ్యాగులు పంపుతున్నాను. ఇవి మామూలు అమ్మకానికి. బెంగళూరువి మొదలుపెట్టాం.

కృప


చందానగర్,
సెప్టెంబరు 2.

వదినా,

కోపంతో రాస్తున్నాను. నువ్వూ ఆ కోపంతోనే చదువు, లేకపోతే నీకు అర్థం కాదు.

బ్యాగుల్లో పురుగులున్నాయి. వరంగల్‌లో ఒకామె ఫోటో పెట్టింది, బ్యాగు అడుగు మూల నుంచి ముక్కుపురుగు పాకుతోంది. ఆ ఫోటో ఎంతమంది చూశారో నీకు రాయను, రాస్తే నీకూ అన్నం దిగదు. వారం తిరగకముందే విశాఖ నుంచి ఒకటి, నిన్న మైసూరు నుంచి ఒకటి. ముగ్గురూ బ్యాగులు వెనక్కి పంపేశారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే పేజీ మూసేస్తామని యాప్ వాళ్ల దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి. అంతటితో సరి.

బియ్యంలో పురుగు పడుతుంది, పప్పులో పడుతుంది. ఉతికి ఇస్త్రీ చేసిన చీరలో ఎందుకు పడుతుంది? అది కూడా మూలల్లోనే. మూలలు యాదమ్మవని నువ్వే రాశావు. పేలాలో అటుకులో నములుకుంటూ కుడుతుందా ఆమె? ఎంత మంచి చెయ్యైతే నాకేం. ఆమెను మాన్పించు. పెద్దమనిషి కదా అని మొహమాటపడకు. నువ్వు చెప్పలేకపోతే నా పేరు చెప్పు. మేడం వద్దన్నదని చెప్పు.

ఎస్తేరు


జహీరాబాద్,
సెప్టెంబరు 6.

ఎస్తేరూ,

వాన వల్ల అయ్యుంటుంది. పదిరోజులుగా ముసురు పట్టింది. పక్కింటి జగన్‌మోహన్ వాళ్ల అల్లం బస్తాలు మన వసారాలో పెట్టారు. పురుగు అందులో నుంచి వచ్చిందేమో. బస్తాలు తీయించేశాను. బ్యాగులన్నీ ఎండ వచ్చినప్పుడల్లా మంచం మీద ఆరబెడుతున్నాను. వేపాకు కూడా వేశాను.

బెంగళూరు ఆర్డర్‌లో ముప్పై ఈ మూటలో ఉన్నాయి.

యాదమ్మను మాన్పించలేను. ఎందుకని అడగకు. మాన్పించాలంటే నన్ను కూడా మాన్పించు.

కృప


చందానగర్,
సెప్టెంబరు 11.

వదినా,

వేపాకు వాసన గది నిండా ఉంది. మధ్యాహ్నం కూర్చుని ఆ ముప్పైలో ఒకటి తీసి అడుగు మూల విప్పాను. మూడు పొరల లోపల ఒక చిన్న ముడుపు ఉంది. అందులో ఏడు తెల్లజొన్న గింజలు. ఇంకో బ్యాగు విప్పాను. ఏడు. ఇంకోటి. ఏడు.

నువ్వు బయటి ఊరి నుంచి వచ్చావు, నీకు తెలియకపోవచ్చు. మా ఇంట్లో బొంత ఊరికే ముయ్యరు. ‘కడుపు ఖాళీగ ముయ్యద్దు’ అంటారు. ఆఖరి మూల మూసేటప్పుడు ఏడు గింజలు పెడతారు. పోయినచోట తిండికి తక్కువ కావద్దని. అది కూడా అన్ని బొంతలకు కాదు. అమ్ముకునే దానికి పెట్టరు, చుట్టాలకు పెట్టరు. ఇంట్లో నుంచి పోయే ఆడపిల్ల బొంతకే పెడతారు. మా చిన్నమ్మ బిడ్డ అత్తారింటికి పోయేటప్పుడు ఆమె బొంతలో అమ్మ పెడుతుంటే దీపం పట్టుకున్నది నేనే.

నాకు బొంత లేదు. నేను సంగారెడ్డి నుంచి అట్లే బస్సెక్కాను.

న్యాల్‌కల్ యాదమ్మకు నేనేమవుతాను వదినా? ఎవరో పట్నం మేడం సంచికి ఎవరైనా గింజ పెడతారా? నిజం చెప్పు. మూలలు ఎవరు కుడుతున్నారు?

ఎస్తేరు


జహీరాబాద్,
సెప్టెంబరు 15.

ఎస్తేరూ,

యాదమ్మ లేదు. న్యాల్‌కల్‌లో ఉందేమో గానీ నాకు తెలియదు. మొదటి మూట నుంచీ మూలలు కుడుతున్నది మీ అమ్మ.

నేను మిషన్ మీద తంటాలు పడుతుంటే చూడలేక లాక్కుంది, ‘ఇటీ, గట్లనా మలిచేది’ అని. నీకు చెబితే వద్దంటావనుకున్నాను. ఆమెకు చెబితే సూది పారేస్తుందనుకున్నాను. ఇద్దరికీ అబద్ధం చెప్పి నేను తెలివిగలదాన్ని అనుకున్నాను. గింజల సంగతి ఒట్టు, నాకు తెలియదు. మూలలు ఆమె అటు తిరిగి కూర్చుని కుడుతుంది. మోకాలి నొప్పికి అట్లా కూర్చుందేమో అనుకున్నాను.

నీ ఉత్తరం చదివి నేరుగా పోయి అడిగాను. ‘అత్తమ్మా, సంచుల్ల జొన్నలు పెడుతున్నవా’ అని.

‘పెడుతున్న’ అంది, సూది ఆపకుండానే.

‘అమ్మేటియి గదా. ఎవరో మేడం సంచులు గదా.’

అప్పుడు ఆపింది. లేచి పోయి ఆ సుతిలి డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ‘ఏ మేడమే? మూట మూతి సూడలేదా నువ్వు? లోకంల అందరి కుట్టు ఇటు ఒరుగుతది. దాని కుట్టు అటు ఒరుగుతది. గరిటె ఇరిగిందాక కొట్టిన నేను, నాకు తెల్వదా? రెండో మూటకే ఎరుక నాకు.’

మరి అన్ని సంచుల్లో ఎందుకు, ఒకదాంట్లో పెట్టొచ్చు కదా అన్నాను. ‘అది ఏ సంచి ఉంచుకుంటదో నాకేం తెల్సు. నూరు సంచులు పోతున్నయి. ఒక్కటన్న దానింట్ల ఉండకపోదు’ అంది.

పురుగుల సంగతి చెప్పాను. పేజీ సంగతి కూడా. ఆమె ముఖం చిన్నబోయింది ఎస్తేరూ. అంత చిన్నబోవడం మామయ్య పోయిననాడు కూడా నేను చూడలేదు. ‘నా గింజనే దాని అన్నం మీద వడ్డదా’ అంది. నేను ఏదో ఒకటి అనాలని ‘ఫికర్ చేయకు, ఇగ నుంచి వేయించి పెట్టు, పురుగు పట్టదు’ అన్నాను. నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ‘ఏంచిన గింజ మొలుస్తదా? మొలవనిది బిడ్డకెవరన్న పెడ్తరా?’

మిగిలిన అరవై అప్పటికే మూసి ఉన్నాయి. కూర్చుని అన్నీ విప్పుదామని కత్తెర తీశాను. చెయ్యి పట్టుకుంది. ‘నువ్వు ముట్టకు. దానికి పెట్టినయి. ఇప్పితె అదే ఇప్పుకోనీ, ఉంచుకుంటె అదే ఉంచుకోనీ.’

అందుకే అరవైనీ ఉన్నవి ఉన్నట్టే పంపుతున్నాను. అబద్ధం ఆడినందుకు నన్ను తిట్టు, ఆమెను ఏమీ అనకు. మొన్న మాన్పించమన్నావు చూడు, ఆ ఉత్తరం చింపేశాను.

కృప


చందానగర్,
అక్టోబరు 1.

వదినా,

ఇన్ని రోజులు జవాబు రాయలేదు. కోపం కాదు. చేతులు ఖాళీ లేవు.

మొదటి రెండు రోజులూ ఏం చేయాలో తెలియక బ్యాగుల చుట్టూ తిరిగాను. విప్పితే అమ్మ పెట్టింది నా చేత్తో నేనే తీసేసినట్టు. విప్పకుండా పంపితే బెంగళూరులో ఏ ఒక్కరి టేబుల్ మీదైనా ఒక్క పురుగు పాకితే అంతా పోయినట్టు. ‘అలాగే పంపు, జరిగేది జరుగుతుంది’ అన్నాడు అమర్నాథ్. ఆయనకు సులువు. ఆ బ్యాగు కొన్నవాళ్లు ఏ పాపం చేశారు, ఆ గింజలు వాళ్ల కోసం పెట్టినవి కావు కదా. అది తట్టాక కత్తెర తీశాను.

తొంభై బ్యాగులూ విప్పాను. ఒక్కో మూల విప్పి, ముడుపు తీసి, మళ్లీ అమ్మ మలిచినట్టే మలిచి మూశాను. అమ్మ కుట్టు ఇటు ఒరిగింది, నాది అటు. ఒకే మూలలో రెండూ ఉన్నాయి. కొన్నవాళ్లకు అది కనిపించదులే. పన్నెండు రోజులు పట్టింది. వేళ్లు వాచాయి. మొన్న పంపేశాను. ఈరోజు అందాయని, బాగున్నాయని కబురొచ్చింది. పేజీ ఉంది. రేపటి సంగతి తెలియదు గానీ ఈరోజు ఉంది.

అమ్మకు ఒకమాట చెప్పు. ఆమె అనుకున్నట్టు నేను ఒక్క బ్యాగు కూడా ఉంచుకోలేదు. అన్నీ అమ్మేశాను. కూరగాయలకు ప్లాస్టిక్ సంచి పట్టుకుని పోయేదాన్ని. ఎవరెవరి ఇళ్లకో అమ్మ గింజలు పోయాయి, నా ఇంటికి తప్ప. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. వరంగల్ నుంచి తిరిగొచ్చిన బ్యాగు, ఆ పురుగుల బ్యాగు, ఇప్పుడు నేను వాడుకుంటున్నాను. దాని మూల విప్పలేదు.

తీసిన గింజలు చాయ్ గ్లాసులో పోస్తే నిండింది. పుచ్చినవి ఏరేశాను. కొన్ని తడిగుడ్డలో కట్టి చూశాను, మూడోనాడు మొలిచాయి. అమ్మకు చెప్పు, మొలిచాయని. మిగతావి గ్లాసులోనే ఉన్నాయి. పారెయ్యలేను, వండుకోలేను. ఏం చేయమంటుందో అడుగు.

ఈసారి నా ఉత్తరం దాచకు. ఆమె ముందు పైకి చదువు.

ఎస్తేరు


జహీరాబాద్,
అక్టోబరు 4.

ఎస్తేరూ,

పైకే చదివాను. మీ అన్న కూడా షిఫ్టు నుంచి వచ్చి గడప మీద కూర్చుని విన్నాడు. అత్తమ్మ చివరిదాకా విని, ‘కాయితం తీయి, నేను చెప్పినట్టె రాయి. నీ బడి తెలుగు వెట్టకు’ అంది. రాస్తున్నాను. ఇక్కడినుంచి మాట ఆమెది.

‘మొలిచినయంటె ఏమాయె. జొన్న మొలవకుంట ఏం జేస్తది. గిలాసల వెట్టుకొని సూసుకుంట కూసుంటె కంకి వెడ్తదా? ఝరాసంగం చేను దున్ని పెట్టిన్రు. వాన ఎనకవట్టింది. నేల పదును ఇంక పదిరోజులుంటది, దాటిందంటె నేను జెప్పినా భూమి ఇనదు. గింజలు కార్గోల పంపకు. సంచులంటె ఒక్కతీరు, ఇత్తులు మనిషి చేతులల్ల పట్కొని రావాలె. ఆ పిలగాడు వస్తనంటె రానీ, గొర్రు కాడ ఒక మనిషి తక్కువున్నడు. ఇంట్లకొచ్చినంక నాతోటి మాట్లాడాలనేం లేదు. నేను గూడ మాట్లాడ. పని అయితె సాలు.’

అంతే అంది. ‘బొంత సంగతి రాయనా అత్తమ్మా’ అన్నాను, నిన్నటి నుంచి పెట్టె అడుగు నుంచి చీరలు తీసి పరుస్తోంది కదా అని. ‘నోర్ముయ్యి’ అంది. కాబట్టి నేను ఏమీ రాయలేదు.

కాగితం మడవబోతుంటే నా మణికట్టు పట్టుకుంది. ఇంకొక్క ముక్క ఉంది, రాయమంది. రాస్తున్నాను:

‘నీళ్లబిందె నేను తెస్తనని రాయి. ఇత్తులు అదే పోయాలె. ఏ చేత్తోటైన.’

కృప